మళ్ళీ రమ్మన్న ఉత్తరం

"రాసింది మీరేనా, కాదా? అది చెప్పండి చాలు."

మూడోసారి అడిగింది కళ్ళద్దాలమ్మ. మూడోసారి కూడా మొగుడి దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. బస్సు డిపో నుంచి వచ్చి కాళ్ళయినా కడుక్కోలేదు ఆ మెకానిక్కు. గోడకి ఆనుకుని కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజుని అగ్గిపుల్లతో తీసుకుంటున్నాడు.

బల్ల మీద ఉత్తరం అలాగే ఉంది. కంటి ఆసుపత్రి నుంచి సాయంత్రం పోస్టులో వచ్చింది. ఆ ఆసుపత్రి అద్దాల విభాగంలో ఆమె పదిహేడేళ్ళు పనిచేసింది. పోయినేడాది తనంతట తానే రాజీనామా కాగితం వాళ్ళ మొహాన కొట్టి వచ్చేసింది. అలాంటి మనిషికి, 'మీరు తిరిగి ఉద్యోగం కోరుతూ పెట్టుకున్న అర్జీ అందినది. పదిహేనో తేదీ ఉదయం పది గంటలకు స్వయంగా హాజరు కాగలరు' అని రాశారు. అంటే రేపే.

ఆమె ఏ అర్జీ పెట్టుకోలేదు. అదీ గొడవ.

"నా పేరున అర్జీ! నా సంతకం! రేపు వాళ్ళందరూ ఏమనుకుంటారు? ఎగిరెగిరి పడింది, ఏడాది తిరక్కుండానే కాళ్ళ దగ్గరికొచ్చింది అనుకోరూ?"

"అనుకోనీ" అన్నాడు అతను, అగ్గిపుల్ల వైపు చూస్తూ.

"ఆహా! మీకేం, అనుకోనీ అంటారు. కళ్ళజోళ్ళ దుకాణం పెడతానన్నప్పుడే చెప్పాల్సింది, నీ వల్ల కాదే అని."

"నేనేమన్నా అన్నానా?"

"అనకపోవడమే! అన్నా బాగుండేది. తిరిగి నాలుగు మాటలనేదాన్ని. ఏడాది నుంచి నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుని, ఇప్పుడు వెనకనించి..."

"వాణ్ణి వదిలెయ్యమ్మాయ్" అని వినిపించింది లోపలి గదిలోంచి. "ఆ అర్జీ పెట్టించింది నేను."

అత్తగారు. గుమ్మం దాకా వచ్చి, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ముప్ఫై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మోతలో బతికిన మనిషి కాబట్టి, గుసగుస చెప్పినా పక్కింటికి వినిపిస్తుంది ఆవిడ గొంతు. ఇప్పుడు మాత్రం నెమ్మదిగానే అంది.

ఆవిడ వెనక, పుస్తకం గుండెకి హత్తుకుని, కూతురు చిట్టి. "రాసింది నేనమ్మా. సంతకం కూడా నేనే."

చిన్న ఇల్లు. మేడ మీది మూడు గదులు వదిలేసి, ఆరునెలల క్రితం ఈ కింది రెండు గదుల్లోకి దిగారు. కోపం వస్తే పోయి కూర్చోవడానికి కూడా వేరే చోటు లేదు. ఆమె అక్కడే, ఉన్న ఒక్క కుర్చీలో కూలబడింది.

"నా సంతకం నీకెలా వచ్చే?"

"చిన్నప్పటి నుంచీ ప్రోగ్రెస్ కార్డుల మీద చూస్తున్నా కదమ్మా" అంది చిట్టి. అన్నాక నాలిక కరుచుకుంది.

వేరే రోజైతే అందరూ నవ్వేవాళ్ళే.

"పిల్లనేమీ అనకు. అనేదేదో నన్ను అను" అంది అత్తగారు, వచ్చి మంచం అంచున కూర్చుంటూ. "రెండు వారాల కిందట బుధవారం నాడు నీ దుకాణం కాడికి వచ్చాను. నా కళ్ళజోడు స్క్రూ వదులైంది, బిగించుకుందామని. లోపలికి రాలేదు. ఎదురు వైపు అరుగు మీద కూర్చుండిపోయాను. గంట సేపు."

"ఎందుకూ?"

"నిన్ను చూస్తూ. ఒకే ఫ్రేము నాలుగుసార్లు తుడిచావు. ఆ గంటలో ముగ్గురొచ్చారు. ఇద్దరు స్క్రూ బిగించుకుని పోయారు, ఊరికినే. మూడోవాడు కొత్త కళ్ళజోడు కావాలని నోరు తెరిచి అడిగాడు. వాడి పాతది చూసి ఏం చెప్పావు?"

కళ్ళద్దాలమ్మ నేలచూపులు చూసింది. "అదే బాగుంది, మార్చక్కర్లేదని చెప్పాను."

"అమ్ముకునేవాళ్ళు చెప్పే మాటేనా అది?"

"బాగానే ఉంది మరి! పవర్ సరిగ్గా ఉంది, అద్దం మీద గీత కూడా లేదు."

"చూశావా?" అంది అత్తగారు, కొడుకు వైపు తిరిగి. కొడుకు తల ఎత్తలేదు. "అమ్మాయ్, నీ తెలివికి నేను వంక పెట్టను. నీ చేతుల్లో పనుంది. గాజు ముక్క ఇస్తే చూపు చేసి ఇస్తావు. ఆ దుకాణంలో నీ చేతులకి పనేముంది చెప్పు? అద్దాలన్నీ ఎక్కడో చేయించి తెప్పిస్తావు. నువ్వు చేసేది గుడ్డపెట్టి తుడవడం. పొద్దున్నే లేచి ఆ షట్టరు వంక నువ్వు ఎలా వెళ్తున్నావో నేను చూడట్లేదనుకున్నావా? బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లలా వెళ్తున్నావు."

రోజూ తెల్లవారుజామున కళ్ళు తెరిచీ తెరవగానే ఆమె తనకి తాను చెప్పుకునే మాటలే అవి. ఎందుకు మానేశాను? ఇంకో నెల ఓర్చుకుంటే ఏం పోయేది? ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకుని ఉంటే ఎంత బాగుండేది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ప్రశ్నలన్నీ రోజుకోసారి పట్టుకుని వదిలేస్తుంది. పైకి మాత్రం, 'కొత్త దుకాణం కదా, కుదురుకోవాలి' అంటుంది. ఫీజు కట్టలేక కంప్యూటర్ క్లాసు మానేసిన చిట్టి, 'నాకే ఇష్టం లేదమ్మా' అని అబద్ధమాడినప్పుడు కూడా, నమ్మినట్టు తలూపింది.

"అక్కడ ఎవరి కింద పనిచెయ్యాలో తెలుసు కదా అత్తయ్యా?" అంది చివరికి. "ఆ బక్కోడి కింద. అద్దం ఎటు పట్టుకోవాలో కూడా తెలియని రోజుల్లో వచ్చాడు. వేళ్ళు పట్టుకుని నేర్పాను. హెడ్ కుర్చీ ఖాళీ అయితే నన్ను దాటేసి వాడికిచ్చారు."

"అది వాడి తప్పా? ఇచ్చినవాళ్ళది."

"తప్పు ఎవరిదైతేనేం. పొద్దున్నే వాడికి నమస్కారం పెట్టాల్సింది నేను."

అప్పుడు లేచాడు మెకానిక్కు. అగ్గిపుల్ల కిటికీలోంచి బయట పారేశాడు.

"వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. వద్దనిపిస్తే మానెయ్. నా కోసమని మాత్రం వెళ్ళకు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయేవాడిలా ఒక్క క్షణం ఆగాడు. తల్లిని చూశాడు, కూతుర్ని చూశాడు. "కాళ్ళు కడుక్కొస్తా" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

'అంతేలే, ఆయనకేం పట్టింది' అనుకుంది ఆమె. ఆ మాట అనుకున్నందుకు మర్నాడు ఎంత చింతించాలో అప్పుడు తెలియదు.

*

పొద్దున్న ఎవరూ ఉత్తరం ఊసెత్తలేదు. అతను ఆరింటికే డిపోకి వెళ్ళిపోయాడు. ఆమె దుకాణం తాళాలు తీసుకుని, "వెళ్ళొస్తా అత్తయ్యా" అంది.

"మంచిది" అంది అత్తగారు. ఎక్కడికని అడగలేదు. కోడలు మామూలు చీర కాకుండా ఇస్త్రీ చీర కట్టుకోవడం మాత్రం చూసింది.

జిరాక్సు షాపుకీ, చెప్పులు కుట్టే అతని బడ్డీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది దుకాణం. ఆమె దాని ముందు ఆగింది. తాళంచెవి బయటికి తీసింది. మళ్ళీ సంచిలో వేసుకుని, తనని ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, బస్సు స్టాపు వైపు నడిచింది.

ఆసుపత్రిలో పాత అలవాటు కొద్దీ వెనక గేటు నుంచే వెళ్ళింది. కాపలా అతను కొత్తవాడు.

"అమ్మా, పుస్తకంలో రాయండి. బయటివాళ్ళు రాయాలి."

బయటివాళ్ళు. పేరు రాసింది. వచ్చిన వేళ రాసింది. 'వచ్చిన కారణం' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. వెనక ఇంకెవరో నిలబడి గొంతు సవరించుకుంటున్నారు. 'పని' అని రాసి లోపలికి వెళ్ళిపోయింది.

మెట్లెక్కుతుంటేనే యంత్రాల రొద. గాజు అరుగుతున్నప్పుడు వచ్చే ఆ తడి వాసన. ఏడాదిగా తను దేనికోసం ముక్కు ఎగబీలుస్తోందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

బక్కోడు ఇప్పుడు బక్కోడు కాదు. కుర్చీ మహిమో ఏమో, కాస్త పొట్ట వచ్చింది. ఆమెని చూడగానే గబుక్కున లేచి నిలబడ్డాడు.

"రా అక్కా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. అతనూ కూర్చోలేదు. పెళ్ళిచూపుల్లోలాగా ఇద్దరూ బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు.

"ఆ అర్జీ నేను పెట్టింది కాదు" అంది ముందే.

"తెలుసక్కా. నీ రాత నాకు తెలియదా? పదేళ్ళు నీ చీటీలు చదివే కదా పని చేశాను. నీ 'మ' కి కొమ్ము ఉండదు. ఆ కాగితంలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."

"మరి పైకి ఎందుకు పంపావు?"

అతను బల్ల కింద నుంచి ట్రే తీసి ముందు పెట్టాడు. నిండా కళ్ళజోళ్ళు. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి ఉంది. నేల వాలినట్టుంది. తలనొప్పి. మెట్లు దిగుతుంటే తూలుతున్నాను. గుమ్మం వంకరగా కనిపిస్తోంది.

"రెండు నెలలుగా వెనక్కి వస్తున్నాయక్కా. డాక్టర్ల చీటీలు సరిగ్గానే ఉన్నాయి. యంత్రం కంపెనీవాళ్ళు వచ్చి చూసి, యంత్రం బాగుందన్నారు. పవర్ కూడా సరిపోతోంది. ఫ్రేములో అద్దం నిలిచే కోణం మాత్రం తప్పుతోంది, ఒక్కోదానికి ఒక్కో రకంగా. మావాళ్ళు నువ్వంటే నువ్వని కొట్టుకు చస్తున్నారు."

ఆమె సంచి కింద పెట్టింది. ఒక కళ్ళజోడు తీసి, అద్దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. తర్వాత అడక్కుండానే పవర్ చూసే యంత్రం ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. అరగంట సేపు ఇద్దరి మధ్యా, "అది ఇలా ఇయ్యి", "దీని చీటీ ఏదీ" తప్ప ఇంకో మాట లేదు.

"అన్నీ కొత్త పూత అద్దాలేనా?" అంది చివరికి, తల ఎత్తకుండానే.

"ఏ పూత?"

"నీళ్ళు నిలవకుండా జారిపోతాయని ఇప్పుడు వేస్తున్నారే, అది. ఈ ట్రేలో ఆ పూత లేని అద్దం ఒక్కటి చూపించు."

అతను ఒక్కొక్కటే వేలితో రాసి చూశాడు. ఒక్కటి కూడా లేదు.

"నీళ్ళే నిలవనప్పుడు, అద్దాన్ని యంత్రానికి పట్టి ఉంచే నీ జిగురుబిళ్ళ నిలుస్తుందా? అంచులు అరగదీసేటప్పుడు యంత్రం పట్టు కింద అద్దం వెంట్రుక వాసి తిరుగుతోంది. పైకి కనబడదు. తొడుక్కున్నవాడికి మాత్రం నేల వాలుతుంది. ముందు పల్చటి టేపు అంటించి, దాని మీద బిళ్ళ వెయ్యి. మీ వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళని తిట్టకు."

బక్కోడు ట్రే పక్కకి జరిపాడు. తర్వాత, ఎప్పుడో కొత్తగా చేరినప్పటి గొంతుతో, "నన్ను తిట్టుకున్నావా అక్కా?" అన్నాడు.

"తిట్టుకున్నాను. ఒక నెల పాటు, తీరిక దొరికినప్పుడల్లా. తర్వాత నన్ను నేను తిట్టుకోవడం మొదలెట్టాను. నీకంటే నేనే ఎక్కువ తిన్నానులే."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటేనే ఆమెకి కళ్ళు చెమర్చాయి. గాజుపొడి పడిందన్నట్టు కొంగుతో తుడుచుకుంది. దుకాణం దుకాణం అని ఏడాది పాటు అందరికీ చెప్పుకుంది. నిజానికి ఉద్యోగం మానేసిన రోజు ఆమెకి దుకాణం పెట్టాలన్న కోరికా లేదు, పాడూ లేదు. కోపం వచ్చింది, వచ్చేసింది. బయటికొచ్చాక, ఎందుకొచ్చావని అడిగేవాళ్ళకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

"ఇప్పుడు అసలు సంగతి చెప్తా" అన్నాడు అతను, ఈసారి కూర్చుంటూ. "పాత హోదా ఇవ్వరు. కొత్తగా చేరినట్టే లెక్క. ఆరునెలలు చూసి పర్మనెంటు చేస్తారు. కాగితం మీద నా కిందే. ఇక్కడ మాత్రం నువ్వు ఎలా చెబితే అలా. ఇంకోటి. ఇక్కడ పనిచేసేవాళ్ళకి బయట కళ్ళజోళ్ళ దుకాణం ఉండకూడదు. అది తీసెయ్యాలి."

"ఎప్పటికి చెప్పాలి?"

"ఇవాళ సాయంత్రం అయిదింటికి. రేపు ఇంకో అతను వస్తున్నాడు. పైవాళ్ళు అతనివైపే ఉన్నారు. నేనే పట్టుబట్టి నీ కోసం ఒక్కరోజు ఆపాను."

"ఇప్పుడే చెప్పెయ్యనా?" అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది. ఇంటాయనకి ఒక్కమాట చెప్పకుండా ఒకసారి మానేసి వచ్చింది. చేరేటప్పుడైనా చెప్పి చేరాలి.

"అయిదు లోపు ఫోన్ చేస్తా" అని సంచి తీసుకుంది.

*

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎంతోకాలానికి ఊపిరి నిండుగా పీల్చుకున్నట్టనిపించింది ఆమెకి. బక్కోడికి నమస్కారం పెట్టాల్సి వస్తే పెడుతుంది. ఏం, చేతులు అరిగిపోతాయా? దుకాణం ముందు దిగి, జిరాక్సు షాపు ఫోన్ నుంచి డిపోకి ఫోన్ చేసి ఆయన్ని పిలిపించాలి. 'మీరు వద్దన్నా సరే' అని మొదలుపెట్టాలా, 'మీ కోసం కాదు' అని మొదలుపెట్టాలా? రెండోదే బాగుంది.

ఫోన్ చెయ్యాల్సిన పని లేకపోయింది. దుకాణం మెట్టు మీద ఆయనే కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గ్రీజు మరకల చొక్కా లేదు. తెల్లచొక్కా.

"ఈ వేళప్పుడు వచ్చారేంటి? అత్తయ్యకి ఏమన్నా..."

"అమ్మకేం, రాయిలా ఉంది. నేనూ ఇప్పుడే వచ్చా. తాళం వేసి ఉంటే టీకి వెళ్ళావనుకున్నా." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నీకో సంగతి చెప్పాలి. నిన్ననే చెప్పాల్సింది. నువ్వేమో ఒక ఉత్తరం పట్టుకుని చిందులు తొక్కుతున్నావు. దాని మీద ఇంకో ఉత్తరం ఎందుకని ఊరుకున్నా."

"ఇంకో ఉత్తరమేంటి?"

"డిపోలో రాజీనామా ఇచ్చాను. పది రోజులైంది. ఇవాళ మా మేనేజరు సంతకం పెట్టాడు."

ఆమె సంచిలోంచి తాళంచెవి బయటికి తీసి, అతని మొహంలోకి చూసింది.

"అలా చూడకు. నేనేమీ ఆవేశపడలేదు. నెల నుంచి ఆలోచిస్తున్నా" అన్నాడు. ఏడాదిగా మూటగట్టి పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారే విప్పినట్టు గబగబా చెప్పుకుపోయాడు. "అమ్మ నిన్న చెప్పింది కదా, నీ చేతులకి పని లేదని. అది నేను ఎప్పుడో చూశాను. కాకపోతే అమ్మ ఉద్యోగం వైపు ఆలోచించింది, నేను ఇటువైపు. అద్దాలు అరగదీసే యంత్రం ఒకటి పాతసామాన్ల కొట్టులో చూశాను. మోటారు పోయింది, అంతే. ఇరవయ్యేళ్ళు బస్సు ఇంజన్లు విప్పినవాణ్ణి, దాన్ని బాగుచెయ్యలేనా? అది వెనక పెడదాం. నువ్వు వెనక కూర్చుని నీ పని నువ్వు చేసుకో. ముందు నేను కూర్చుంటా. నీకు అమ్మడం రాదు. నాకు వచ్చు."

"మీకా? ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడరు!"

"ఇంట్లో ఎవరు మాట్లాడనిచ్చారు?"

నవ్వు రావాల్సిన మాట. రాలేదు.

"ఆ కాగితం వెనక్కి తీసుకోవడానికి లేదా?" అంది.

"రేపు పొద్దున్న పైకి వెళ్తుందట. ఈలోపు ఇంకోసారి ఆలోచించుకో, మీ ఆవిణ్ణి కూడా అడుగు అన్నాడు మేనేజరు. ఇందులో అడగడానికేముంది? నువ్వు ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. దుకాణానికే వచ్చావు. నాకది చాలు."

ఆమె చేతిలోంచి తాళంచెవి తీసుకుని షట్టరు పైకెత్తాడు. రోజూ ఆమె రెండు చేతులతో ఆపసోపాలు పడి ఎత్తే షట్టరు, అతనికి ఒక్క ఊపులో పైకిపోయింది. లోపలికి వెళ్ళి ఫ్రేముల వరసలు సర్దడం మొదలెట్టాడు. మధ్యమధ్యలో ఈల వేస్తున్నాడు.

ఇంతలో ఒక పెద్దాయన స్క్రూ బిగించమని వచ్చాడు. "రండి బాబాయ్, కూర్చోండి. ఈ ఫ్రేము కొని ఎన్నేళ్ళయింది? మీ మొహానికి ఇంత బరువు దేనికండీ, మోసేది ముక్కు కదా పాపం!" పెద్దాయన పకపకా నవ్వి కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో అద్దం ముందు మూడో ఫ్రేము పెట్టి చూసుకుంటున్నాడు.

నిజమే. ఈయనకి వచ్చు.

జిరాక్సు షాపు గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

"ఏవండీ" అంది గుమ్మంలో నిలబడి.

"చెప్పు" అని తిరిగాడు. అలా వెలిగే మొహం ఏడాదిగా చూడలేదు ఆమె. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

"టీ చెప్పి రానా?"

"ముగ్గురికి చెప్పు. బాబాయ్‌కి కూడా."

ఆమె రోడ్డు మీదికి వచ్చింది. టీ బడ్డీ దగ్గర ఆగి, మూడు టీలు దుకాణానికి పంపమని చెప్పింది. దుకాణం వైపు తిరగబోయి, తిరగలేదు. ఆసుపత్రికి అయిదు లోపు చెప్పాలి, ఆయన కాగితం రేపు పొద్దున్నదాకా మేనేజరు దగ్గరే ఉంటుంది అనుకుంటూ ఎండలో కాసేపు నిలబడింది. తర్వాత కొంగు బిగించుకుని రోడ్డు దాటి, ఎదురుగా వచ్చిన బస్సు ఎక్కింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"బస్సు డిపోకి" అంది.